అడుగుకు అంగుళం

ఈ పుస్తకం రాతప్రతి నా చేతికి వచ్చినప్పుడు కాగితాల అంచుల మీద లక్క మరకలున్నాయి. మూడో అధ్యాయంలో ఒక పేజీకి రంపపు పొట్టు అతుక్కుని ఉంది. ముప్పై నాలుగేళ్లు బడిపిల్లలకు వడ్రంగం నేర్పినవాణ్ణి. ఆ మరకలు చూడగానే ఇది పని మధ్యలో చేతులు తుడుచుకుని రాసుకున్న పుస్తకమని తెలిసిపోయింది. ముందుమాట రాయమంటే వెంటనే సరేనన్నాను. చదివాక, అడగకపోయినా రాసేవాణ్ణేమో అనిపించింది.

రచయిత పేరు అట్ట మీద ఉంది, ఇక్కడ మళ్లీ రాయను. నాకు ఇతను ఎప్పటికీ మా బడి పిల్లాడే. చిత్రిక పట్టిన చెక్కను వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, వంకర ఎక్కడుందో వెతుక్కునే పిల్లాడు. తక్కినవాళ్లు మార్కుల కోసం పీట చేసి ఇచ్చి వెళ్లిపోతే, ఇతను ఆ పీట కాళ్ల అతుకు కనబడకూడదని గంట కొట్టాక కూడా కదిలేవాడు కాదు. ఇప్పుడు సారపాకలో మోటార్లకు వైండింగు చేస్తున్నాడు. ఇల్లు భద్రాచలంలో, కరకట్టకు దగ్గర.

ఒక ఆదివారం సాయంత్రం ఫోనులో ఒక ఫొటో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో నిలబెట్టిన పాతకాలపు రెండంతస్తుల రెక్కల విమానం అది. "మాస్టారూ, దీని పక్కన ఏం రాసుందో చదవండి" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చదివాను. హైదరాబాదు నిజాం ప్రభువుల కానుక అని ఇంగ్లీషులో రాసి ఉంది. "దీన్ని చేద్దామనుకుంటున్నాను" అన్నాడు. "చెయ్యి. కొలత తప్పకుండా చెయ్యి" అన్నాను. మా ఇద్దరి మధ్య జరిగిన ఒప్పందం అంతే.

ఆ విమానం కథ మనలో చాలామంది వినలేదు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది, 1918లో, బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విమానాలు కానుకగా ఇచ్చాడు. అవి డి.హెచ్.9ఏ రకం బాంబర్లు. ఆ రకంతో యుద్ధానికి వెళ్లిన మొదటి స్క్వాడ్రన్ అదే. సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, పట్టపగలు జర్మనీ పట్టణాల మీదికి వెళ్లి బాంబులు వేసి రావడం వాళ్ల పని. ప్రతి విమానం మీదా దాత పేరూ వరస నంబరూ రాశారు. వాటిలో ఎఫ్1010 అనేది అక్టోబరు 5న శత్రువు గడ్డ మీద కూలబడింది. నడిపిన ఇంగ్లిస్, వెనక సీట్లో ఉన్న బోడ్లీ బందీలయ్యారు. జర్మన్లు ఆ విమానాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండుకు చేరింది. క్రాకోవ్‌లో ఏళ్ల తరబడి పడి ఉండి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారుగా ఇంగ్లండు వచ్చింది. మరమ్మతు చేసి నిలబెట్టారు. ఇతను నాకు చూపించింది దాన్నే.

1918లో మన గోదావరి ఒక సరిహద్దు. బూర్గంపాడు గట్టు నిజాం ఇలాకా. భద్రాచలం గట్టు 1860 నుంచి ఇంగ్లీషువాళ్లది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరిని వదిలి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇవాళ ఊరు దాటగానే ఎటపాక, అది వేరే రాష్ట్రం. ఈ అడవి అంచున గీతలు ఇన్నిసార్లు మారాయి. ఇతను రోజూ బండి మీద వంతెన దాటి, నూరేళ్ల కిందటి ఇంగ్లీషు గట్టు నుంచి నిజాం గట్టుకు పనికి వెళ్తాడు. పుస్తకంలో ఈ సంగతి రెండు వాక్యాల్లో ముగించాడు. ఒక అధ్యాయమే రాయాల్సింది. అది నా మొదటి ఫిర్యాదు.

ఇక కొలతకు వస్తాను, నా ప్రాణం అక్కడే ఉంది. అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 45 అడుగుల 11 అంగుళాలు. ముక్కు నుంచి తోక దాకా 30 అడుగుల 3 అంగుళాలు. బొమ్మ విమానాలు చేసేవాళ్ల లోకంలో 72వ వంతు, 48వ వంతు, 32వ వంతు అని వాడుక. ఇతను 12వ వంతు ఎంచుకున్నాడు. వడ్రంగులకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు, అడుగుకు అంగుళం. అసలులో అంగుళంన్నర ఉన్నది బొమ్మలో ఒక నూలు. టేపు చాలు. అలా లెక్క వేస్తే పొడవు 30 అంగుళాల 2 నూళ్లు, రెక్క 46 అంగుళాలకు పిసరు తక్కువ. మా భోజనాల బల్ల మీద పెడితే రెక్కలు రెండు పక్కలా బయటికి వచ్చాయి. ఇంత పెద్ద కొలతలో పని చేయడం తేలిక అనుకునేవాళ్లు ఉంటారు. చేసి చూసినవాళ్లు ఆ మాట అనరు. 72వ వంతులో ఒక గీత గీసి వదిలేసే చోట ఇక్కడ నట్టు కనబడాలి, బోల్టు కనబడాలి, గుడ్డ కింద కమ్మీ ఉబ్బు కనబడాలి. తప్పు దాక్కోవడానికి చోటుండదు.

న్యూజిలాండులో వింగ్‌నట్ వింగ్స్ అనే కంపెనీ ఇదే విమానాన్ని 32వ వంతులో ప్లాస్టిక్ కిట్టుగా అమ్మింది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాలకు వాళ్ల కిట్లు ప్రపంచమంతా పేరు పొందాయి. 2020లో ఆ కంపెనీ మూతబడింది. కిట్టులో ముక్కలన్నీ అచ్చుపోసి వస్తాయి. కోసి, అతికించి, రంగు వేయాలి. అదీ ఓపికా నేర్పూ ఉన్న పనే, నేను తక్కువ చేయను. కానీ ఇతను చేసింది వేరు. ఒక్క ముక్క కూడా కొన్నది కాదు. ప్రతిదీ గీసుకుని, కోసుకుని, అరగదీసుకుని చేశాడు. బొమ్మ విమానాల వాళ్లు దీన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. మన భాషలో సొంత చేత అంటే సరిపోతుంది.

చెక్క సంగతి నాలుగో అధ్యాయంలో ఉంది, వడ్రంగం తెలిసినవాళ్లు అక్కడే మొదలుపెట్టవచ్చు. అసలు విమానం ఒళ్లు స్ప్రూస్ చెక్క కమ్మీలతో, లోపల తీగల బిగింపుతో చేసింది. విదేశాల్లో బొమ్మ విమానాలకు బాల్సా వాడతారు. ఇతను కొండపల్లి వెళ్లి తెల్లపొణికి తునకలు తెచ్చుకున్నాడు. మన బొమ్మల చెక్క అది. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు, కత్తికి వెన్నలా లొంగుతుంది. కొండపల్లి వాళ్లు దాన్ని సన్నటి సెగ మీద కాచి తడి పోగొడతారు. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఇతను ఆ రెండు పద్ధతులూ నేర్చుకుని వచ్చాడు. అయితే పొణికి మెత్తన. రెండు రెక్కల మధ్య నిలబడే కమ్మీలకు అది ఆగదు. అక్కడ వెదురు వాడాడు. భద్రాచలంలో మేదరి కుటుంబం ఒకటి బుట్టలల్లుతుంటే పక్కన కూర్చుని, బద్దను ఈనె దాకా ఎలా చీలుస్తారో చూసి వచ్చాడు. కత్తిని కదపకుండా పట్టుకుని బద్దనే కత్తి మీదికి లాగడం వాళ్ల కిటుకు. ఆ ఒక్క కిటుకు మీద ఇతను ఆరు పేజీలు రాశాడు, బొమ్మలు గీశాడు. విమానం కమ్మీలు చేప ఆకారంలో ఉండాలి, ముందు గుండ్రంగా, వెనక్కి సన్నబడుతూ. గాలిని చీల్చుకుపోవడానికి అలా చేశారు. నూలున్నర మందం వెదురు పుల్లకు చేప ఆకారం తెచ్చి, అన్నీ ఒకేలా ఉండేట్టు చేయడం ఎంత పనో నాకు తెలుసు. నేనూ రెండు చేయబోయాను. రెండూ విరిగాయి.

ఏడాదిన్నర పని అయ్యాక 2022 జులై వచ్చింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరవాత అంత నీరు చూడలేదు. వీధిలో నీళ్లు లేచినప్పుడు ఇతను ముందు వాళ్లమ్మనూ పిల్లలనూ ఎత్తు మీదికి చేర్చాడు. మళ్లీ వెళ్లడానికి దారి లేకపోయింది. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే విమానం బురదలో ఉంది. పొణికి ఉబ్బిపోయింది. మక్కు చింతగింజల గంజి కదా, నీళ్లలో కరిగి అతుకులన్నీ విడిపోయాయి. వెదురు కమ్మీలు మాత్రం కడిగితే చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని ఒక గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఆవిడ అన్నం పెట్టింది, తిని వెళ్లాడు. నెల తరవాత ఫోను చేసి, "మాస్టారూ, ఈసారి అతుకుల మీద లక్క పట్టిస్తాను, నీళ్లు తగలవు" అన్నాడు. రెండో ఒళ్లు అలా మొదలైంది. ఆ అధ్యాయం పుస్తకంలో మూడు పేజీలే. ఇంట్లో పోయిన సామాను గురించి ఒక్క ముక్క లేదు. ఏ అతుకు ఎందుకు విడింది, ఏది ఎందుకు నిలిచింది అన్నదే రాశాడు.

ఇంజిను దగ్గర నాకు గర్వంగా ఉంది. ఆ విమానానికి అమెరికా వాళ్ల లిబర్టీ ఇంజిను పెట్టారు. 1917లో గీసిన ఇంజిను, 12 సిలిండర్లు, 400 గుర్రాల బలం. సిలిండరు బోరు అయిదు అంగుళాలు, మన కొలతలో మూడు నూళ్ల పైన ఇంకో మూడో వంతు. సిలిండర్లు ఒక్కొక్కటీ విడిగా నిలబడి ఉంటాయి కాబట్టి ఒక్కటి ఎత్తు తగ్గినా వరస మొత్తం వంకరగా కనబడుతుంది. పక్క దుకాణంలో లేత్ మీద అల్యూమినియం కడ్డీతో పందొమ్మిది తీసి, ఏడు పక్కన పడేసి, పన్నెండు ఉంచుకున్నాడు. గొట్టాలకు తన వైండింగు రాగితీగే. రోజూ చేతిలో ఉండే తీగ కావడంతో ఎక్కడ వంచితే ఎక్కడ నలుగుతుందో ఇతనికి ముందే తెలుసు. అయితే మొదటిసారి రెండు వరసల మధ్య 60 డిగ్రీల కోణం పెట్టాడు. ఈ తరహా పన్నెండు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువ వాటికి ఆ కోణమే ఉంటుందని చదివి, అదే అనుకున్నాడు. నేను చూసి, "ఈ కోణం ఎక్కడ దొరికింది?" అని ఒక్కటే అడిగాను. రెండు రోజుల తరవాత వచ్చి, "45 డిగ్రీలు మాస్టారూ, ఇంజిను సన్నగా ఉండటానికి అలా చేశారు" అన్నాడు. మళ్లీ చేశాడు. ఆ తప్పు ఇంజినును కూడా ఫొటో తీసి పుస్తకంలో వేసుకున్నాడు. దాచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేను ఈ పుస్తకాన్ని నిండు మనసుతో మెచ్చుకోవడానికి ఆ ఒక్క ఫొటో చాలు.

వెనక సీటు చుట్టూ తుపాకీ తిప్పుకోవడానికి ఒక గుండ్రటి కమ్మీ ఉంటుంది, స్కార్ఫ్ రింగు అంటారు. లూయిస్ తుపాకీ దాని మీద కూర్చుంటుంది. తీగ వంచి చేస్తే ఎక్కడో ఒక చోట చదును వస్తోంది. ఒక రోజు వాళ్లావిడ చేతి గాజు చూసి, అది పట్టుకుని గుడి మెట్ల కింద గాజుల కొట్లన్నీ తిరిగాడు. స్కేలు పెట్టి గాజులు కొలుస్తుంటే కొట్టువాళ్లు వింతగా చూశారట. ఆరో కొట్లో కొలతకు సరిపోయే ఇత్తడి గాజు దొరికింది. తుపాకీ మీది తూటాల డబ్బా పాత కోటు గుండీ. ముక్కు మీద రేడియేటరు చదునుగా, పెద్దగా, కారుకున్నట్టే ఉంటుంది. వేడి తగ్గించడానికి దాని మీద తెరుచుకునే రేకులుంటాయి. ఆ రేకులు మందు ట్యూబు కోసి చేశాడు. తెరుచుకుంటాయి, మూసుకుంటాయి కూడా. నేను మూడుసార్లు తెరిచి మూశాను.

రెక్కల గుడ్డ గురించి ఒక మాట. అసలుకు నారబట్ట కప్పి, కమ్మీ కమ్మీకి కుట్టి, కుట్టు మీద పట్టీ అతికి, సెల్యులోజ్ డోప్ పూస్తే బట్ట తప్పెట తోలులా బిగుసుకుంటుంది. ఇతను పాత వాయిల్ చీర వాడాడు. కుట్టింది వాళ్లమ్మ. జాకెట్లు కుట్టే చెయ్యి ఆమెది. ఏకపోగు దారంతో, కుట్టుకూ కుట్టుకూ మధ్య రెండు నూళ్లు. నాలుగు రెక్కలు, పైనా కిందా, కంటి డాక్టరు వద్దన్నా వినకుండా వేసవంతా కుట్టింది. పైన పూసింది వడ్రంగులు వాడే ఎన్.సి. లక్కరు, అదీ సెల్యులోజ్ జాతిదే. వేలితో తడితే రెక్క మోగుతుంది. పుస్తకాన్ని ఇతను వాళ్లమ్మకు అంకితం ఇచ్చాడు. అంతకంటే న్యాయమైన అంకితం నేను చూడలేదు.

రంగు విషయంలో ప్రపంచంలోని బొమ్మ విమానాల వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ రంగు పేరు పి.సి.10. పసుపుపచ్చ మట్టి రంగులో దీపపు మసి కలిపి చేసేవారు. కలిపిన ద్రవాన్ని బట్టీ, ఎండను బట్టీ అది ఒకసారి ఆకుపచ్చ ఛాయలో, ఒకసారి గోధుమ ఛాయలో కనబడేది. ఇతను డబ్బా రంగు కొనలేదు. పచ్చమట్టి నూరి, ఆముదం దీపం మసి కలిపి, పదకొండు రకాలుగా చెక్క ముక్కల మీద పూసి మా వసారాలో ఎండకు పెట్టాడు. రెండు నెలల తరవాత ఇద్దరం కూర్చుని ఏడో ముక్క ఎంచుకున్నాం.

ఇప్పుడు నా మనసులో ముల్లులా ఉన్న సంగతి. ఇది బాంబులు వేసిన విమానం. ఆ పట్టణాల్లోనూ మనలాంటి వాళ్లే ఉన్నారు. పైగా దాని పక్కన రాసిన పేరు ఒక్కటే, సొమ్ము మాత్రం ఒక్కరిది కాదు. హైదరాబాదు ఖజానాలో పెద్ద వాటా భూమి శిస్తుది. అంటే మన కాకతమ్మలూ వీరయ్యలూ, జొన్న పండించి శిస్తు కట్టినవాళ్లు, ఆ స్ప్రూస్ చెక్కకూ నారబట్టకూ డబ్బిచ్చారు. అదే 1918లో మన దేశంలో వానలు మొహం చాటేశాయి, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టింది. 1911 జనాభా లెక్కల్లో కోటీ 33 లక్షల పైచిలుకున్న హైదరాబాదు సంస్థానం 1921 లెక్కల్లో కోటీ 24 లక్షల పైచిలుకుకు దిగింది. దాదాపు తొమ్మిది లక్షలు తగ్గారు. ఆ విమానాలు ఎగిరిన ఏడాది మన పల్లెల్లో పాడె మోయడానికి మనుషులు చాలని రోజులు.

ఈ మాట ఇతనితో అన్నాను. కొంచెంసేపు ఊరుకుని, "అందుకే మాస్టారూ, లోపల రాశాను" అన్నాడు. ఏమిటో అర్థం కాలేదు. పైలట్ సీటు తీసి చూపించాడు. సీటు కింద, కమ్మీ మీద, మూత వేస్తే ఎవరికీ కనబడని చోట, సన్నటి కుంచెతో రెండు వరసలు రాసి ఉన్నాయి. ఖమ్మం మెట్టు, బూర్గంపాడు, పాల్వంచ, ఇల్లెందు, మధిర, ఇలా ఆనాటి నిజాం ఇలాకాలో ఉన్న మన ఊళ్ల పేర్లు. చివర "శిస్తు కట్టినవాళ్లు" అని ఉంది. ఈ సంగతి పుస్తకంలో రాయలేదు. నన్ను రాయొద్దనీ అనలేదు, అందుకని రాస్తున్నాను.

లోపాలూ చెప్పాలి, పెద్దవాణ్ణి పిలిచి ముందుమాట రాయించుకునేది అందుకే. తీగల బిగింపు అధ్యాయం గజిబిజిగా ఉంది. ఏ తీగ ముందు, ఏది తరవాత అన్నది కొత్తవాళ్లకు బోధపడదు, రెండో ముద్రణలో బొమ్మలు పెంచాలి. కొన్ని చోట్ల ఇంగ్లీషు పేర్లు అలాగే వదిలేశాడు, మన వడ్రంగుల మాటలు ఉండగా ఆ అవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఇతను ఇక్కడితో ఆగకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ 253వ స్క్వాడ్రన్‌కూ కూడా హైదరాబాదు పేరే ఉంది. 152 వాళ్లు స్పిట్‌ఫైర్లు నడిపారు, తరవాత బర్మా దాకా వచ్చారు. 253 వాళ్లు హరికేన్లు నడిపారు. ఆ రెండిట్లో ఒకటి చేసి, దాని మీదా పుస్తకం రాయాలని నా కోరిక. నా కళ్లు కనబడుతుండగానే రాస్తే సంతోషం.

చదివేవాళ్లకు ఒక మనవి. బడుల్లో వడ్రంగం గదులు చాలా చోట్ల సామాన్ల గదులైపోయాయి. ఈ పుస్తకం కొన్నవాళ్లు ఒక ప్రతి తమ ఊరి బడికి ఇవ్వండి. దాంతో పాటు ఒక ఉలి, ఒక చిత్రిక, ఒక ఆకురాయి కొనిపెట్టండి. విమానం ఇప్పుడు మా బడి లైబ్రరీ గదిలో, నీళ్లు అందనంత ఎత్తు బల్ల మీద ఉంది. బడి పని దినాల్లో పదింటి నుంచి నాలుగింటి దాకా ఎవరైనా వచ్చి చూడవచ్చు. పిల్లలు రేడియేటరు రేకులు తెరిచి చూడవచ్చు, చేతులు కడుక్కుని రావాలి.